చైర్‌లో కూర్చున్నాక సభ చేయి దాటిపోతే ఏం చేయాలి? రేపు రెండో రోజు ఉంది

తుంగభద్ర_తీరం
శనివారం, రాత్రి 8:47

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ మూడో సంవత్సరం. మా దగ్గర రెండు రోజుల ఎంయూఎన్ (మోడల్ యునైటెడ్ నేషన్స్, విద్యార్థులు డెలిగేట్లుగా, అంటే ప్రతినిధులుగా, కూర్చుని చర్చించే నమూనా సభ) జరుగుతోంది. అందులో ఏఐపీపీఎం కమిటీకి, అంటే అఖిలపక్ష సమావేశం నమూనాకి, నన్ను చైర్‌గా పెట్టారు. డెలిగేట్‌గా ఆరు కాన్ఫరెన్సులకు వెళ్లాను కానీ చైర్‌లో కూర్చోవడం ఇదే మొదటిసారి. ఇవాళ మొదటి రోజు అయింది. రేపు తొమ్మిదిన్నరకి మళ్లీ సభ. వెళ్లాలంటే భయంగా ఉంది.

అజెండా అంతర్రాష్ట్ర నదీజల వివాదాలు, ముఖ్యంగా కృష్ణా. మొత్తం 38 మంది. సుమారు సగం మంది ఇటు కోస్తా, రాయలసీమ కాలేజీల వాళ్లు, సగం మంది హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు. ఏం జరిగిందో వరసగా చెప్తాను.

ఒకబ్బాయి ఎవరు మాట్లాడినా ప్లకార్డ్ ఎత్తి ‘పాయింట్ ఆఫ్ ఆర్డర్’ (సభ నియమం తప్పారనే అభ్యంతరం) అంటాడు. సాయంత్రానికి 23 సార్లు లేచాడు, నేను లెక్కపెట్టాను. హైదరాబాద్ అమ్మాయి ఒకరు ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు అంది. ఇతను లేచి తప్పు, బచావత్ (కృష్ణా నీళ్లు పంచిన ట్రిబ్యునల్) ఇచ్చింది 800 అన్నాడు. రెండు వైపులా లేచి అరుచుకున్నారు. ఏది నిజమో నాకే తెలియదు, ఏమీ తేల్చలేకపోయాను.

గవర్నమెంట్ కాలేజీ నుంచి వచ్చిన ఫస్టియర్ అమ్మాయి ఇంగ్లీషులో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయింది. వెనక వరసలో నవ్వారు. ఆ పిల్ల కూర్చుండిపోయింది, తర్వాత ఒక్కసారి కూడా ప్లకార్డ్ ఎత్తలేదు.

లంచ్ అయ్యాక నలుగురు ముందుకొచ్చి నినాదాలు చేస్తూ కాగితాలు చింపేశారు. ఆపమంటే ‘మేడమ్, లోక్‌సభలో ఇలాగే చేస్తారు, మేం రోల్‌లోనే ఉన్నాం’ అన్నారు. సుత్తి కొట్టాను, వినలేదు. చివరికి నేనూ గట్టిగా అరిచేసి ఇరవై నిమిషాల ముందే సభ వాయిదా వేశాను. పక్కనే ఉన్న వైస్ చైర్ నోరు తెరవలేదు. అల్లరి చేసినవాళ్లలో ఇద్దరు ఆయన జూనియర్లు.

అరిచినందుకు నాకే బాధగా ఉంది. రేపు ఎలా మొదలుపెట్టాలో చెప్పండి.

వరంగల్_ఈబీ
శనివారం, రాత్రి 9:05

చెల్లీ, ముందు అన్నం తిను. తర్వాత ఇది చదువు.

పదిహేను, పదహారు కమిటీలకు ఈబీలో (ఎగ్జిక్యూటివ్ బోర్డు, అంటే సభ నడిపే చైర్ల బృందం) కూర్చున్నాను. ఏఐపీపీఎం అన్నిటికంటే కష్టం. ఎందుకో తెలుసా? యూఎన్ కమిటీలకు ఏదో ఒక రూల్‌బుక్ ఉంటుంది. అఖిలపక్ష సమావేశానికి అలాంటిది లేదు. నిజంగా ఢిల్లీలో జరిగేది కూడా తలుపులు మూసుకుని మాట్లాడుకునే మీటింగే. అందుకే మన దగ్గర ప్రతి చైర్ తనకు తోచిన పద్ధతి పెట్టుకుంటారు, డెలిగేట్లు వాళ్లకు తోచినట్టు ఆడతారు. ఇవాళ ఉదయం నువ్వు రూల్స్ చదివి వినిపించావా? వినిపించకపోతే వాళ్లు ఏ రూలూ తప్పలేదు. నీ మీద నేరం మోపడానికి చెప్పడం లేదు, రేపు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తున్నాను.

అన్నిటికంటే ముందు ఈ రాత్రే వైస్ చైర్‌కి ఫోన్ చెయ్యి. మెసేజ్ కాదు, ఫోన్. డయాస్ మీద ఇద్దరూ ఒక్కమాట మీద లేరని డెలిగేట్లకు పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ తర్వాత నువ్వు ఎన్ని రూల్స్ చెప్పినా నిలబడవు.

నల్లమల
శనివారం, రాత్రి 9:11

ఇంత ఆలోచించాల్సిన పని లేదు. ఆ 23 సార్ల వీరుణ్ని, నినాదాల బ్యాచ్‌ని ఉదయం రాగానే బయటికి పంపండి. 38 మంది ఫీజు కట్టి వచ్చారు, అయిదుగురి కోసం మిగతా 33 మంది ఎందుకు నష్టపోవాలి? ఒక్కసారి గట్టిగా చేస్తే మిగతావాళ్లు సర్దుకుంటారు.

సివిక్స్_టీచర్
శనివారం, రాత్రి 9:30

నల్లమల గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఇవాళ్టి తప్పుకి రేపు ఉదయం శిక్ష వేస్తే, అదీ ముందుగా హెచ్చరించకుండా వేస్తే, వాళ్ల మీద మిగతావాళ్లకు జాలి పుడుతుంది. నేను 11 ఏళ్లుగా పిల్లలను యూత్ పార్లమెంట్ పోటీలకు తయారుచేస్తున్నాను. బయటికి పంపడం ఆఖరి మెట్టు. దాన్ని మొదటి మెట్టు చేస్తే ఆ తర్వాత చైర్ చేతిలో ఇంకేమీ మిగలదు.

అమ్మా తుంగభద్రా, ‘లోక్‌సభలో ఇలాగే చేస్తారు’ అన్నారు కదా. మంచిది. అలాగైతే లోక్‌సభ రూల్సే పెట్టుకుందాం అని చెప్పు. లోక్‌సభ కార్యవిధాన నియమాల్లో నీకు పనికొచ్చేవి నాలుగున్నాయి.

నియమం 376 పాయింట్ ఆఫ్ ఆర్డర్ గురించి. అది సభ నియమాలను గానీ, సభ నడకకు సంబంధించిన రాజ్యాంగ అధికరణలను గానీ అమలు చేయడం గురించే ఉండాలి. సమాచారం అడగడానికీ, తన వైఖరి వివరించుకోవడానికీ పాయింట్ ఆఫ్ ఆర్డర్ లేవనెత్తకూడదని అందులోనే రాసి ఉంది. అంటే 811 కాదు 800 అనేది అసలు పాయింట్ ఆఫ్ ఆర్డరే కాదు. మన ఎంయూఎన్‌లలో ‘ఫ్యాక్చువల్ ఇన్‌యాక్యురసీ’ (చెప్పిన వాస్తవం తప్పు అనడం) అని ఒకటి అలవాటైపోయి పిల్లలు దాన్ని ఆయుధంలా వాడుతున్నారు. దాన్ని చిట్ మీద రాసి, ఆధారం జతచేసి పంపమను. నువ్వు చూసి, ముఖ్యమైతే స్పీచ్ అయ్యాక చదివి వినిపించు. మధ్యలో ఎవరినీ ఆపొద్దు.

నియమం 361. నాకు చాలా ఇష్టమైనది. స్పీకర్ లేచి నిలబడితే మాట్లాడుతున్న సభ్యుడు వెంటనే కూర్చోవాలి, అందరూ నిశ్శబ్దంగా వినాలి. రేపు సుత్తి పక్కన పెట్టు. గొడవ మొదలైతే లేచి నిలబడు. ఏమీ అనకు. చూస్తూ నిలబడు. మొదటిసారి ఒక నిమిషం పట్టవచ్చు. ఆ నిమిషం ఓపిక పట్టడమే కష్టం, కానీ పట్టు.

ఇక 373: తీవ్రంగా అమర్యాదగా ప్రవర్తించిన సభ్యుణ్ని ఆ రోజు మిగిలిన సమావేశానికి బయటికి వెళ్లమని స్పీకర్ ఆదేశించవచ్చు. 374: పేరు చెప్పి, సభ తీర్మానంతో సస్పెండ్ చేయడం. చూశావా, అక్కడ కూడా మెట్లు ఉన్నాయి.

అమలాపురం_అబ్బాయి
శనివారం, రాత్రి 9:42

మాస్టారూ, 374ఎ కూడా చెప్పండి. సభ మధ్యలోకి దూసుకొచ్చినా, నినాదాలతో పదేపదే కావాలని అడ్డుపడినా, స్పీకర్ పేరు చెప్పగానే వరసగా అయిదు సమావేశాలకు, లేదా ఆ సెషన్‌లో మిగిలిన రోజులకు, ఏది తక్కువైతే దానికి సస్పెన్షన్ దానంతట అదే పడుతుంది. అది 2001 డిసెంబర్‌లో వచ్చింది. అప్పుడు స్పీకర్ మా కోనసీమ బాలయోగి గారు. అంటే ‘లోక్‌సభలో ఇలాగే చేస్తారు’ అనేవాళ్లకు ‘చేస్తే ఏమవుతుందో కూడా లోక్‌సభే రాసుకుంది’ అని చెప్పవచ్చు.

బాలయోగి గారి గురించి ఇంకోటి. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది, 269కి 270. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఎంపీగా ఓటు వేయవచ్చా అని సభంతా రగిలిపోయింది. స్పీకర్ ఆ నిర్ణయాన్ని ఆయన అంతరాత్మకే వదిలారు. అది సరైనదా కాదా అని ఇప్పటికీ వాదించుకుంటారు. ఎటు చెప్పినా సగం మందికి నచ్చదు. అక్కా, రేపు మీకూ అంతే. అందరినీ మెప్పించాలని చూడకండి.

తుంగభద్ర_తీరం
శనివారం, రాత్రి 9:58

అందరికీ థ్యాంక్స్. అన్నా, వైస్ చైర్‌తో ఇప్పుడే మాట్లాడాను. ఆయన ఏమన్నారంటే, జూనియర్లను ఆపితే కావాలని స్ట్రిక్ట్‌గా ఉన్నాడంటారు, వదిలేస్తే పక్షపాతమంటారు, ఏం చేయాలో తెలియక ఊరుకున్నాను అన్నారు. నేను ఆయన గురించి వేరేలా అనుకున్నాను. రేపు వాళ్ల విషయంలో రూలింగ్ నేనే ఇవ్వాలని, ఆయన స్పీకర్ల లిస్టు, చిట్లు చూసుకోవాలని అనుకున్నాం.

మాస్టారూ, 361 అసలు తెలియదు. రేపు చేసి చూస్తాను.

ఒక విషయం ఇందాక రాయలేదు. డెలిగేట్లు ఒకరికొకరు రాసి పంపుకునే చిట్లలో కొన్ని బాగాలేనివి వెళ్లాయి. ఇద్దరు అమ్మాయిలకు. ఒకరు లంచ్ తర్వాత వచ్చి నాకు చూపించారు. చించి పడేయమన్నాను. అది తప్పా?

గుంటూరు_అక్క
శనివారం, రాత్రి 10:06

చెల్లీ, ఈ ఒక్క విషయంలో ఇక్కడ ఎవరి సలహా కోసమూ ఆగొద్దు. ఇది సభలో అల్లరి కాదు. దీన్ని వేరుగా చూడాలి.

చించినవి సరే, రెండో అమ్మాయి దగ్గర ఉంటే దాచమను. చింపమన్నందుకు ఆ అమ్మాయికి సారీ చెప్పు. చిన్న మాటే కానీ తనకు చాలా ధైర్యం వస్తుంది. తనకేం కావాలో అడుగు: ఫిర్యాదు చేయాలనుకుంటోందా, వేరే చోట కూర్చోవాలనుకుంటోందా, ఇంటివాళ్లకు తెలియకూడదనుకుంటోందా. తను అనుకున్నదే ముందు. అయితే ఇద్దరిలో ఎవరికైనా 18 ఏళ్లు నిండకపోతే నీ దగ్గర ఆపకుండా ఈ రాత్రే ఫ్యాకల్టీ కోఆర్డినేటర్‌కి చెప్పాలి. నిండినవాళ్లయినా కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉంటుంది, 2013 చట్టం ప్రకారం ఉండి తీరాలి. దాని గురించి ఆ అమ్మాయికి తెలియజేయాలి. నువ్వు విచారణ చేయకు, చేతిరాతలు పోల్చకు, అందరి ముందు అడగకు. ఆ పని నీది కాదు.

రేపటి నుంచి ఏ చిట్ అయినా డయాస్ మీదుగానే వెళ్లాలి. వాలంటీర్లు నేరుగా ఇవ్వకూడదు. ఉదయం చెప్పేటప్పుడు కారణం చెప్పనక్కర్లేదు. ‘ఇవాళ్టి నుంచి ఇదీ పద్ధతి’ అంటే చాలు.

నేను డెలిగేట్‌గా ఉన్నప్పుడు ఇలాంటివే వచ్చాయి. చైర్‌కి చూపిస్తే నవ్వి ‘పాపులర్ అయ్యావు’ అన్నాడు. ఆ తర్వాత ఏ కాన్ఫరెన్సుకీ వెళ్లలేదు. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

తుంగభద్ర_తీరం
శనివారం, రాత్రి 10:31

అక్కా, ఇద్దరితోనూ మాట్లాడాను. ఇద్దరికీ 18 దాటాయి. సారీ చెప్పాను. రెండో అమ్మాయి దగ్గర చిట్ ఉంది. ఉదయం ఫ్యాకల్టీ కోఆర్డినేటర్ మేడమ్ దగ్గరికి ముగ్గురం కలిసి వెళ్తున్నాం. మేడమ్‌కి ఇప్పుడే చెప్పాను.

కాలువల_ఇంజినీరు
శనివారం, రాత్రి 10:40

నాకు మీ కాన్ఫరెన్సుల సంగతి తెలియదు. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఆ 811 గొడవ చూసి రాస్తున్నాను.

పిల్లలిద్దరూ చెప్పింది నిజమే. బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం విశ్వసనీయత మీద (నూటికి 75 ఏళ్లు దొరికే నీరు) కృష్ణాలో 2,060 టీఎంసీలు లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చింది. పొలాలకు పారిన నీటిలో కొంత తిరిగి నదిలోకి వస్తుంది, దాన్ని పునరుత్పత్తి జలాలంటాం. ఆ కోటాలో మహారాష్ట్రకు 25, కర్ణాటకకు 34, మనకు 11 కలిపారు. 800కి 11 కలిపితే 811. రాష్ట్రం విడిపోయాక 2015లో తాత్కాలికంగా చేసుకున్న ఏర్పాటు ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299. కూడి చూడండి, అదీ 811.

అమ్మాయీ, నా సలహా ఒకటే. ఈ అంకెలు ఒక కాగితం మీద ప్రింట్ తీసి పొద్దున్నే అందరి ముందూ పెట్టండి. ట్రిబ్యునల్ ఏ సంవత్సరం, ఎంతెంత, ఏది తాత్కాలికం, అంతే. ఎవరికి ఎంత రావాలన్నది వాదించుకోవచ్చు, కాగితం మీద ఉన్నదాని గురించి కొట్టుకోనక్కర్లేదు. మా డిపార్ట్‌మెంటు మీటింగుల్లో రెండు జిల్లాల రైతులు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు మేం చేసిన పని అదే. సగం గొంతులు అక్కడే తగ్గేవి.

ఇంకో మాట. నీళ్ల విషయం ఈ పిల్లలకు ఆట కాదు. తాత పొలం ఎండిపోయినవాడు ఆ గదిలో ఉండి ఉంటాడు. గొంతు పెరిగిందంటే ప్రతిసారీ అల్లరి అనుకోవద్దు.

ఒకప్పటి_అల్లరి
శనివారం, రాత్రి 11:02

ఇంజినీరు గారి చివరి మాట చదివి రాయాలనిపించింది. నేను ఆ 23 సార్లు లేచిన అబ్బాయినే, అంటే అచ్చం అలాంటివాణ్నే. ఇంటర్‌లో, బీటెక్ మొదటి ఏడాదిలో. రెండు వందల పేజీలు ప్రింట్ తీసుకుని వెళ్లేవాణ్ని. జీఎస్ఎల్‌లో, అంటే మాట్లాడేవాళ్ల జనరల్ లిస్టులో, నా పేరు 30వది. వచ్చేది తొంభై సెకన్లు. చదివినదంతా లోపలే ఉండిపోయేది, ఎదుటివాళ్లు తప్పు చెప్తుంటే ఒళ్లు మండేది. లేవడం తప్ప ఇంకో దారి కనిపించేది కాదు.

ఒక చైర్ అక్క టీ బ్రేక్‌లో నన్ను పక్కకు పిలిచింది. తిడుతుందనుకున్నాను. నా ఫైలు తీసుకుని అయిదు నిమిషాలు చదివింది. ‘ఇందులో ఉన్నది సభకు కావాలి, కానీ నువ్విలా లేస్తుంటే ఎవరికీ చేరడం లేదు. దీని మీద మోడరేటెడ్ కాకస్‌కి (ఒకే అంశం మీద చైర్ పిలిచిన వరసలో జరిగే చర్చ) మోషన్ నువ్వే పెట్టు, మొదట నువ్వే మాట్లాడు’ అంది. ఆ రోజు తర్వాత నేను ఒక్కసారి కూడా ఊరికే లేవలేదు.

తుంగభద్ర గారూ, ఆ అబ్బాయిని రేపు సభ మొదలవకముందే కలవండి. ఒంటరిగా కాదు, వైస్ చైర్ కూడా ఉండాలి. తర్వాత ఎవరూ మాట మార్చకుండా ఉంటుంది.

నల్లమల
శనివారం, రాత్రి 11:09

అంటే గొడవ చేసినవాడికి మొదటి మైకు ఇచ్చి బహుమతి ఇవ్వాలా? చెయ్యెత్తి పద్ధతిగా కూర్చున్నవాళ్లు ఏం నేర్చుకుంటారు?

ఒకప్పటి_అల్లరి
శనివారం, రాత్రి 11:15

న్యాయమైన ప్రశ్న. నాకు మైకు ఇచ్చిన ఆ అక్కే, ఆ రోజు వరకు లేచినందుకు డిప్లొమసీ కాలమ్‌లో నాకు మార్కులు కోసేసింది. నాకు అవార్డు రాలేదు. రెండూ చేయవచ్చు.

ఫ్రిస్కో_తెలుగు
శనివారం, రాత్రి 11:20

మా దగ్గర, అమెరికాలో, ఇంకా మధ్యాహ్నమే. హైస్కూల్ నుంచి ఎంయూఎన్ చేస్తున్నాను, ఇక్కడే పెరిగాను, తెలుగులో తప్పులుంటే క్షమించండి.

యూఎన్ జనరల్ అసెంబ్లీ నియమం 71 కూడా మాస్టారు చెప్పినట్టే ఉంటుంది. పాయింట్ ఆఫ్ ఆర్డర్ మీద లేచినవాళ్లు అసలు విషయం గురించి మాట్లాడకూడదు. అధ్యక్షులు వెంటనే రూలింగ్ ఇవ్వాలి. నచ్చకపోతే అప్పీల్ చేయవచ్చు, హాజరై ఓటు వేసినవాళ్లలో మెజారిటీ కాదంటే తప్ప రూలింగ్ నిలుస్తుంది. లోక్‌సభలో స్పీకర్ రూలింగ్‌ని సవాలు చేయడానికి లేదు. కాబట్టి అప్పీల్ ఉందా లేదా అన్నది ఉదయమే చెప్పేయండి. లేదంటే మధ్యాహ్నం ఎవరో ఒకరు దాని మీద ఇరవై నిమిషాలు తినేస్తారు.

సుత్తి కొడితే వినలేదని బాధపడొద్దు. 1960 అక్టోబర్ 12న జనరల్ అసెంబ్లీలో గొడవ పెద్దదైనప్పుడు అధ్యక్షుడు, ఐర్లాండ్ ఫ్రెడరిక్ బోలండ్, ఎంత గట్టిగా కొట్టారంటే సుత్తి విరిగిపోయింది. ఆ తర్వాత సభను వాయిదా వేశారు. సోవియట్ నేత క్రుశ్చేవ్ బూటుతో బల్ల కొట్టారని చెప్పుకునే రోజు అదే. అంతటివాళ్లకే చేతిలో సుత్తి సరిపోలేదు.

మౌనంగా_వరసలో
శనివారం, రాత్రి 11:48

ఎప్పుడూ చదవడమే, ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. అందరూ గొడవ చేసినవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. ఆ ఫస్టియర్ అమ్మాయి గురించి ఎవరూ రాయలేదు.

నాది పదో తరగతి వరకు తెలుగు మీడియం. నా మొదటి కమిటీలో నేనూ అలాగే ఆగిపోయాను. నవ్వు వినపడింది. నవ్వినవాళ్ల మొహాలు నాకు గుర్తులేవు కానీ చైర్ మొహం గుర్తుంది. ఆయన కింద చూస్తూ ఏదో రాసుకుంటున్నారు. ఒక్క మాట అని ఉంటే చాలు. ‘ఆమె మాట పూర్తికాలేదు’ అని అని ఉంటే చాలు.

దయచేసి రేపు ఆమె ఉన్నప్పుడే ఆ విషయం మాట్లాడండి. కానీ ఆమె పేరు ఎత్తకండి, అందరూ తిరిగి చూస్తారు. ‘మాట్లాడుతున్నవారిని చూసి నవ్వడం నిన్న జరిగింది, ఆపకపోవడం నా పొరపాటు, ఇవాళ ఆపుతాను’ అనండి.

సివిక్స్_టీచర్
ఆదివారం, ఉదయం 5:50

మౌనంగా గారూ, రాత్రి మీ పోస్టు చూశాక నిద్ర పట్టలేదు. నేను నాలుగు నియమాలు రాశాను, ఆ పిల్లని మర్చిపోయాను.

రాజ్యాంగం 120వ అధికరణ చూడండి. పార్లమెంటు వ్యవహారాలు హిందీలో లేదా ఇంగ్లీషులో. కానీ ఆ రెండింటిలోనూ తన భావం సరిగ్గా చెప్పలేని సభ్యుడికి మాతృభాషలో మాట్లాడటానికి సభాధ్యక్షులు అనుమతి ఇవ్వవచ్చు. లోక్‌సభ రూల్సే పెట్టుకున్నాం కదా. తెలుగుకు అనుమతి ఇవ్వు తల్లీ. హైదరాబాద్ నుంచి వచ్చిన వాళ్లలో ఎవరికైనా తెలుగు రాకపోతే వైస్ చైర్ రెండు ముక్కల్లో ఇంగ్లీషులో చెప్తారు.

తుంగభద్ర_తీరం
ఆదివారం, మధ్యాహ్నం 1:35

లంచ్‌లో రాస్తున్నాను, తొందరలో ఉన్నాను.

ఉదయం మేడమ్ దగ్గరికి వెళ్లాం. చిట్ల సంగతి ఆవిడ చూసుకుంటున్నారు. అంతకు మించి ఇక్కడ రాయను.

పాయింట్ ఆఫ్ ఆర్డర్ అబ్బాయిని వైస్ చైర్, నేను కలిశాం. చాలా చదివి వచ్చాడు. వాళ్లది కృష్ణా కాలువ చివరి ఊరంట. ఇంజినీరు గారూ, మీరన్నదే నిజం. వాళ్ల నాన్న రెండేళ్లు వరి వేయలేకపోయారట. అంకెల కాగితం చూపిస్తే 11 టీఎంసీల గురించి తనకు తెలియదని వెంటనే ఒప్పుకున్నాడు. 811 అన్న అమ్మాయికి తనే వెళ్లి చెప్పాడు.

మొదలుపెట్టగానే నిన్న అరిచినందుకు సారీ చెప్పాను. నవ్విన విషయం మౌనంగా గారు రాసిన మాటల్లోనే చెప్పాను. గది చాలా నిశ్శబ్దంగా అయిపోయింది. తర్వాత 376, 361, 373 చదివాను, తెలుగుకు అనుమతి ఉందన్నాను, అప్పీల్ లేదన్నాను, చిట్లన్నీ డయాస్ మీదుగానే అన్నాను. ఏడు నిమిషాలు పట్టింది.

పదకొండింటికి నినాదాల బ్యాచ్ మళ్లీ లేచింది. నేను నిలబడ్డాను. మాస్టారూ, ఒక నిమిషం అన్నారు, నాకైతే గంటలా అనిపించింది. కాళ్లు వణికాయి. ముందు ఇద్దరు కూర్చున్నారు, తర్వాత మూడోవాడు. నాలుగోవాడు కూర్చోలేదు. చిట్ మీద హెచ్చరిక పంపాను. చదివి పక్కన పడేసి మళ్లీ అరిచాడు. రికార్డులోకి హెచ్చరించాను. మూడోసారి 373 కింద లంచ్ వరకు బయట ఉండమన్నాను. వెళ్లాడు. ఇప్పుడు తిరిగి వస్తాడు, ఏం చేస్తాడో అని టెన్షన్‌గా ఉంది.

వరంగల్_ఈబీ
ఆదివారం, మధ్యాహ్నం 1:41

మెట్లన్నీ ఎక్కే పంపావు. బాగా చేశావు. తిరిగి రాగానే ఇంకేమీ అనకు, చూపులు కూడా వద్దు. శిక్ష అయిపోయింది. ప్లకార్డ్ ఎత్తితే అందరితో పాటే పిలువు. గంట లోపల ఒక్కసారైనా పిలువు. బయటికి పంపినవాణ్ని చైర్ మళ్లీ పిలిచిందని మిగతా 37 మంది చూడాలి.

గది వేడెక్కినట్టు అనిపిస్తే పది నిమిషాల అన్‌మోడ్ (లేచి తిరుగుతూ తమలో తాము మాట్లాడుకునే సమయం) ఇవ్వు. కుర్చీల్లోంచి లేస్తే కొంత వేడి తగ్గుతుంది. కానీ అన్‌మోడ్‌లో నువ్వు డయాస్ దిగి తిరగాలి. ల్యాప్‌టాప్ పట్టుకున్నవాడి చుట్టూ ఆరుగురు చేరి మిగతావాళ్లకు వీపు చూపిస్తారు. అక్కడ జరిగే అన్యాయం డయాస్ మీద కూర్చుంటే కనపడదు.

నల్లమల
ఆదివారం, మధ్యాహ్నం 2:03

నేను చెప్పినట్టు ఉదయమే పంపి ఉంటే మిగతా ముగ్గురూ కూడా బయట ఉండేవాళ్లు. ముగ్గురు కూర్చున్నారంటే మీ పద్ధతే మేలు. అయినా నా మాట ఒకటి వదులుకోను: బయటికి వెళ్లినవాడికి అవార్డు ఇవ్వకండి, ఎంత బాగా మాట్లాడినా సరే.

తుంగభద్ర_తీరం
ఆదివారం, రాత్రి 9:26

ఇప్పుడే ఇంటికి వచ్చాను. గొంతు పోయింది, కానీ అరిచి కాదు.

బయటికి పంపినబ్బాయి తిరిగొచ్చి గంటసేపు ముభావంగా కూర్చున్నాడు. అన్నా, మీరు చెప్పినట్టే ఒకసారి పిలిచాను, ‘మాట్లాడటానికి ఏమీ లేదు’ అన్నాడు. చివర్లో వెళ్లేటప్పుడు కూడా నాతో మాట్లాడలేదు. అది బాధగానే ఉంది. ఇంకేదైనా చేసి ఉండాల్సిందా అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

ఉమ్మడి ప్రకటనలో ప్రాజెక్టుల దగ్గర ఎంత నీళ్లు తీసుకుంటున్నారో రెండు రాష్ట్రాలకూ ఒకేసారి కనిపించేలా టెలిమెట్రీ పెట్టాలనే పేరా ఉంది. దాన్ని కాలువ చివరి ఊరి అబ్బాయి, 811 అన్న హైదరాబాద్ అమ్మాయి కలిసి రాశారు. అవార్డుల దగ్గర వైస్ చైర్, నేను చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆ అబ్బాయి విషయ పరిజ్ఞానం అందరికంటే ఎక్కువ, కానీ నిన్నటి 23 సార్లకు మార్కులు తగ్గాయి. బెస్ట్ డెలిగేట్ ఆ అమ్మాయికి వచ్చింది. అతనికి ముందే పిలిచి మార్కుల కాగితం చూపించాం. ‘సరే, తెలిసింది’ అన్నాడు.

ఫస్టియర్ అమ్మాయి ఉదయమంతా ప్లకార్డ్ ఎత్తలేదు. మూడున్నరకి, ఇంతవరకు ఒక్కసారి మాట్లాడినవాళ్లు, అసలు మాట్లాడనివాళ్లు మాత్రమే ఈ రౌండ్‌లో మాట్లాడాలి అన్నాను. అప్పుడు లేచింది. తెలుగులో మాట్లాడింది. వాళ్ల ఊళ్లో బోర్లు ఎంత లోతుకు వెళ్లాయో చెప్పింది, ఒక్క కాగితం చూడకుండా. తొంభై సెకన్లు అయిపోయినా ఎవరూ టైమ్ అనలేదు, నేనూ అనలేదు. ఆ ఒక్క చోట రూల్ తప్పాను.

మౌనంగా_వరసలో
ఆదివారం, రాత్రి 9:34

చదువుతుంటే కళ్లు తడిశాయి. ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారో ఎలా గుర్తుపెట్టుకున్నారు? వచ్చే నెల నేనూ మొదటిసారి ఈబీలో కూర్చోబోతున్నాను.

తుంగభద్ర_తీరం
ఆదివారం, రాత్రి 9:40

ఒక పెద్ద కాగితం. ఎడమ వైపు 38 పేర్లు, పార్టీల వారీగా కాదు, కూర్చున్న వరసలో. పిలిచిన ప్రతిసారీ ఒక గీత. పాయింట్ ఆఫ్ ఆర్డర్ అయితే చుక్క, హెచ్చరిక అయితే అడ్డగీత. వైస్ చైర్ రాశారు, నేను అరగంటకోసారి చూశాను. మధ్యాహ్నానికి గీతలు లేని వరసలు ఖాళీగా కనపడిపోతాయి, అన్నీ వెనక కిటికీ వైపే. రేపు నాకు ఇంటర్నల్ ఉంది. సాయంత్రం ఆ కాగితం ఫోటో, పేర్లు చెరిపేసి, ఇక్కడే పెడతాను.